వీవన

విసనకర్రకు మన భాషలో పేర్లకు కొదువ లేదు. తెలుగువారు వీవన అన్నారు, సురటి అన్నారు. సంస్కృతం నుండి వ్యజనం వచ్చింది, తాళవృంతం వచ్చింది. చమరీమృగపు తోకవెండ్రుకలతో కట్టినది చామరం. దేవుని ఎదుట, రాజు ఎదుట వీచేటప్పుడు అదే వింజామర. హిందీ ద్వారా మనకు చేరిన ‘పంకా’కు మూలం సంస్కృతంలోని ‘పక్ష’ శబ్దం, అంటే రెక్క. ఒక్క వస్తువును ఇన్ని పేర్లతో పిలుచుకొన్న జాతికి దాని అవసరం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఏటా మూడు నాలుగు నెలలు నిప్పులు చెరిగే నేల మనది.

ప్రాచీన కావ్యాలు చదివేటప్పుడు నా చూపు తరచుగా నాయకుని మీద గాక, అతని వెనుక నిలిచి వీవన వీచే వ్యక్తి మీదికి పోతుంది. కుచేలుడు ద్వారకకు వచ్చినప్పుడు అతని బడలిక తీరేటట్లు సాక్షాత్తు రుక్మిణీదేవి వింజామర వీచిందని భాగవతం చెబుతుంది. అది చూసి అంతఃపురకాంతలు విస్తుపోయారు. వారి ఆశ్చర్యానికి కుచేలుని పేదరికం ఒక్కటే కారణం కాదు. వీచవలసిన చేయి ఏది, ఆ గాలికి సేదదీరవలసిన మేను ఏది అన్న లెక్క అక్కడ తారుమారయింది. శాకుంతలం మూడవ అంకంలోనూ అంతే. తాపంతో సొలసిన శకుంతలకు తామరాకులతో వీచనా అని దుష్యంతుడు అడుగుతాడు. ఏలినవాడు వీచేవాడుగా మారడంలోనే ఆ ఘట్టపు సొగసంతా ఉంది.

కావ్యాలు దాటి చరిత్రలోకి వస్తే ఆ సొగసు కనబడదు. బ్రిటిషు పాలనాకాలంలో కచేరీలలోను, దొరల బంగళాలలోను పైకప్పుకు ఒక పెద్ద గుడ్డ చట్రాన్ని వేలాడదీసి, దానికి తాడు కట్టి, ఆ తాటి కొసను వరండాలో కూర్చున్న మనిషి చేతికి ఇచ్చేవారు. అతడు పగలంతా, ఒక్కొక్కచోట రాత్రంతా ఆ తాడు లాగుతూనే ఉండాలి. చేతులు పీకితే తాటిని కాలి బొటనవ్రేలికి తగిలించుకొని లాగేవాడట. లోపలివారికి గాలి, వెలుపలివానికి చెమట. గాలిని వర్ణించిన పద్యాలు మనకు వందలున్నాయి గాని ఆ చేతి నొప్పిని వర్ణించిన పద్యం ఒక్కటీ నా కంటబడలేదు.

మా ఇంట్లో ఆ చేయి మా అమ్మది. మాది పల్నాటి సీమ; రెంటచింతల ఎండలను గురించి మీరు వార్తలలో వినే ఉంటారు, ఆ ప్రాంతమే. వేసవి రాత్రులలో వాకిట మంచాలు వాల్చుకొని మేము నలుగురు పిల్లలం పడుకొనేవాళ్ళం. అమ్మ నడిమి మంచం మీద కూర్చుని, అంచుకు పాత చీరపేలిక కుట్టిన తాటాకు విసనకర్రతో వీచేది. ఆమె చేయి ఆగితే మాకు మెలకువ వచ్చేది. మేము కదిలితే ఆమె చేయి మళ్ళీ కదిలేది. ఆమె ఎప్పుడు నిద్రపోయేదో మాలో ఎవరికీ తెలియదు. 1983 వేసవిలో నాన్నగారు అప్పు చేసి ఒక్క ఫ్యాను కొన్నారు. అది తిరగడం మొదలుపెట్టగానే అమ్మ తల పైకెత్తి కాసేపు దానివంకే చూసి, “దీనికి చేయి నొప్పి పుట్టదు గదా!” అన్నది.

ఫ్యాను గదిని చల్లబరుస్తుందని మనలో చాలామంది విశ్వాసం. మా కళాశాలలో ఒక విద్యార్థి ఈ మాట అంటే, భౌతికశాస్త్రం బోధించే మా మిత్రుడు వాదించకుండా అందరినీ ప్రయోగశాలకు తీసుకొని వెళ్ళాడు. నేనూ వెనుకనే వెళ్ళాను. రెండు ఉష్ణమాపకాలను ఫ్యాను కింద వ్రేలాడదీశాడు. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టాడు, రెండవదానిని పొడిగానే ఉంచాడు. తలుపులు మూసి, ఫ్యాను వేసి, అరగంట తరువాత చూపించాడు. పొడి ఉష్ణమాపకం ఉన్నచోటనే ఉంది. తడిగుడ్డ చుట్టినది ఆరు డిగ్రీలు దిగింది. “ఆ తడిగుడ్డే మన ఒళ్ళు” అని ఊరుకొన్నాడు. సాహిత్యాధ్యాపకులం అలంకారాలను పేర్చి గంటసేపు చెప్పినా ఇంత స్పష్టంగా చెప్పలేము.

మన ఒంటి చుట్టూ వేడి, తేమ నిండిన పలుచని గాలిపొర ఒకటి అంటిపెట్టుకొని ఉంటుంది. గాలి కదలకపోతే ఆ పొర కదలదు, చెమట ఆరదు. ఫ్యాను ఆ పొరను ఎప్పటికప్పుడు తుడిచివేస్తుంది. చెమట ఆవిరి అవుతూ ఒంటి వేడిని తనతో తీసుకొనిపోతుంది. మన ఇండ్లలో సాధారణంగా ఉండే 1200 మిల్లీమీటర్ల ఫ్యాను పూర్తి వేగంతో నిమిషానికి సుమారు 210 ఘనమీటర్ల గాలిని కదిలిస్తుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి 34 ఘనమీటర్లే. అంటే గదిలోని గాలి మొత్తం నిమిషానికి ఆరుసార్లు మన మీదుగా పోయినంత పని. అయితే ఇదంతా మనిషి ఉన్నప్పటి మాట. ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను ఎవరినీ చల్లబరచదు. అది తినే విద్యుత్తు చివరకు వేడిగా మారి గదిలోనే ఉండిపోతుంది. ‘తిరిగి వచ్చేసరికి గది చల్లగా ఉంటుంది’ అని ఫ్యాను వేసి వెళ్ళేవారు, గది వేడెక్కడానికి బిల్లు కడుతున్నారన్నమాట.

ఫ్యానుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు ఎక్కడో 2024 మే నెలలో మాకు తెలిసింది. నాన్నగారు పోయిన తరువాత అమ్మ పల్లెలోనే ఉంటున్నది. అప్పటికి ఆమెకు ఎనభై రెండేండ్లు. ఎండ నలభై నాలుగు డిగ్రీలకు చేరిన ఒక మధ్యాహ్నం ఆమె ఫోను చేసింది. “ఒరే నాయనా! ఫ్యాను వేస్తే పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. ఆపితే ఊపిరాడటంలేదు. ఏం చెయ్యమంటావు?” అన్నది. గొంతులో ఎప్పుడూ ఉండే గట్టిదనం లేదు. పట్టణం నుండి వైద్యుణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళేసరికి ఆమె గోడకు చేరగిలబడి, కళ్ళు మూసుకొని ఉంది. నాలుక పిడచగట్టుకొనిపోయింది గాని మాట తడబడటం లేదు. “ఇంకొక గంట ఆలస్యమైతే నేను వేరే మాట చెప్పవలసివచ్చేది” అన్నాడు వైద్యుడు, ఆమెకు ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్ళు గుక్కగుక్కగా పట్టిస్తూ. 2015 మే నెలలో వడదెబ్బకు ఉభయ తెలుగు రాష్ట్రాలలో వేయిమందికి పైగా ప్రాణాలు కోల్పోయిన సంగతి అప్పుడు నా మనసులో మెదలకపోలేదు.

ఆయన చెప్పిన కారణం వింటే ప్రయోగశాల పాఠం మళ్ళీ గుర్తుకు వచ్చింది. మన చర్మపు వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటె చల్లగా ఉన్నంతవరకు ఫ్యాను రెండు విధాల మేలు చేస్తుంది: ఒంటి వేడిని లాగుతుంది, చెమటను ఆరుస్తుంది. గాలి అంతకంటె వేడెక్కితే మొదటి మేలు కీడుగా మారుతుంది, వేడిగాలి ఒంటికి వేడిని తగిలిస్తుంది. అయినా చెమట బాగా పట్టేవారికి రెండవ మేలు కొంత కాపాడుతుంది. వృద్ధులకు చెమట తక్కువ. అందుచేత వారికి ఆ రక్షణ కూడా సన్నగిల్లుతుంది. ఎండ 40 డిగ్రీలకు లోపల ఉన్నప్పుడే ఫ్యానును ఆశ్రయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఇదే కారణం.

ఒంటిలో లేని చెమటను బయటనుండి సమకూర్చడమే దీనికి విరుగుడు. తడిపి పిండిన తువ్వాలు మెడమీద, చేతులమీద కప్పుకొంటే ఫ్యాను మళ్ళీ పనికి వస్తుంది. పూర్వం వట్టివేళ్ళ తడికలను కిటికీలకు కట్టి నీళ్ళు చల్లేవారు. అదీ ఈ సూత్రమే. ఆ వారంలోనే మేము పడమటి కిటికీకి తడిక కట్టించాము, డాబామీద సున్నం కొట్టించాము. నల్లబడిన డాబా పగలంతా ఎండను తాగి రాత్రంతా గదిలోకి కక్కుతుంది. దాని కింద తిరిగే ఫ్యాను ఆ వేడినే మంచం మీదికి దించుతుంది. తెల్లని కప్పు ఎండలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానాన్నే ప్రకటించింది. ఉదయం తొమ్మిది దాటగానే కిటికీలు మూయడం, పొద్దుగూకి బయటిగాలి చల్లబడిన తరువాత తెరవడం మా నాయనమ్మ కాలంనుండి ఉన్న అలవాటే. ఆ గంటలు పాటిస్తేనే రాత్రి ఫ్యాను గాలికి విలువ.

వైద్యుడు ఏసీ కూడా ఉండాలన్నాడు. అమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. “తలుపులన్నీ బిగించి నన్ను మామిడికాయలాగా మాగవేస్తారట్రా?” అన్నది. ఆ మాటకు అందరం నవ్వాము, ఆమెకూ నవ్వు వచ్చింది. చివరకు ఒక ఒప్పందం కుదిరింది. చిన్నగదిలో ఏసీ ఉంటుంది. ఎండ నలభై దాటిన రోజులలో మిట్టమధ్యాహ్నం నుండి ఐదు గంటల వరకు మాత్రం అది పనిచేస్తుంది. దానిని ఇరవై ఏడు డిగ్రీల దగ్గర ఉంచి పైన ఫ్యాను నెమ్మదిగా వేస్తాము. కదిలే గాలిలో ఇరవై ఏడు డిగ్రీలు కదలని గాలిలో ఇరవై నాలుగులాగా హాయిగా ఉంటాయి. ఏసీ ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం విద్యుత్తు మిగులుతుందని కేంద్రప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ అంచనా. ఏసీలు మొదట 24 డిగ్రీల దగ్గరనే మొదలయ్యేటట్లు తయారుచేయాలన్న నిబంధన 2020 జనవరి నుండి అమలులోకి వచ్చింది. పద్దెనిమిది దగ్గర పెట్టి దుప్పటి కప్పుకొనే సరదా నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

ఇంతలో కరెంటు పోయింది. ఆ నెలలోనే ఒక రాత్రి పదిన్నరకు పోయి నాలుగు గంటలకు గాని రాలేదు. ఏసీ ఎలాగూ మూగబోయింది. ఇన్వర్టరు మీద ఇంట్లోని మూడు పాత ఫ్యానులు గుయ్యిమని మూలుగుతూ తిరిగి, రెండున్నర ప్రాంతంలో ఒకదాని వెంట ఒకటి నిలిచిపోయాయి. బ్యాటరీ పాతది. నేను అమ్మ పక్కన కూర్చుని తాటాకు విసనకర్ర అందుకొన్నాను. గంటన్నర వీచేసరికి భుజం పీకసాగింది. నలుగురు పిల్లలకు రాత్రులకు రాత్రులు వీచిన చేయి ఏపాటిదో అప్పుడు నాకు తెలిసింది. మా ఇంటి ఫ్యానులు మార్చాలని నేను నిర్ణయించుకొన్నది బిల్లు చూసి కాదు, ఆ రాత్రి చూసి.

పాత ఫ్యానులోనిది ప్రేరణ మోటారు. లోపలి తీగచుట్ట కదలకుండా నిలిచి ఉంటుంది, వెలుపలి డొల్ల రెక్కలతో సహా తిరుగుతుంది. తిరిగే భాగంలో విద్యుత్తును పుట్టించడానికే కొంత శక్తి ఖర్చయి వేడిగా పోతుంది. అటువంటి ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకొంటుంది. ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యానులలో తిరిగే భాగంలో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. ఒక చిన్న ఎలక్ట్రానిక్ వలయం తీగచుట్టలకు వరుస తప్పకుండా విద్యుత్తును అందిస్తుంది. ఇంచుమించు అంతే గాలికి ఇది తీసుకొనేది 30 వాట్లు. రోజుకు పదహారు గంటల లెక్కన పాతది నెలకు 36 యూనిట్లు కాలుస్తుంది, కొత్తది పద్నాలుగున్నర. ఒక్క ఫ్యాను మీద ఇరవై ఒకటిన్నర యూనిట్లు తేడా. యూనిట్ ఆరు రూపాయలని అనుకొంటే నెలకు నూట ముప్ఫై రూపాయలు. కొనేటప్పుడు పెట్టిన అదనపు సొమ్ము ఏడాది అటూ ఇటూగా తిరిగివస్తుంది. మా అమ్మకు పనికివచ్చిన లెక్క వేరు. అదే బ్యాటరీ మీద ఫ్యాను రెండింతలకు పైగా సేపు తిరుగుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తిగా పనిచేసేటప్పుడు సుమారు 1500 వాట్లు తీసుకొంటుంది, అంటే ఇటువంటి ఫ్యానులు యాభై. ఫ్యానులకు నక్షత్రాల గుర్తు 2023 జనవరి నుండి తప్పనిసరి అయింది. కొనేటప్పుడు రెక్కల మీది పూలబొమ్మలను చూడటానికి ముందు ఆ గుర్తును చూడటం మంచిది.

వేగం తగ్గిస్తే విద్యుత్తు తగ్గుతుందా అన్నది పాత సందేహం. 1983 నాటి మా ఫ్యానుకు పిడికిలంత రెగ్యులేటరు పెట్టె ఉండేది. దానిలో ఉన్నది నిరోధకపు తీగ. వేగం తగ్గించినప్పుడు ఆ పెట్టె మీద చేయి పెడితే చురుక్కుమనేది. మిగిలిందనుకొన్న శక్తిలో మంచి భాగం అక్కడ వేడిగా పోయేది. తరువాత వచ్చిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లలో ఆ నష్టం చాలా తక్కువ. అసలు రెక్కల స్వభావమే మనకు అనుకూలమైనది. సిద్ధాంతరీత్యా వేగాన్ని సగం చేస్తే వాటికి కావలసిన శక్తి ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. గాలి సగమైనా శక్తి సగం కంటె ఎంతో తక్కువ చాలు.

వానకాలంలో ఫ్యాను విలువను మనం సరిగా గుర్తించలేదని నా అభిప్రాయం. అప్పుడు ఎండ తక్కువే, గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, ఆరవేసిన బట్టలు ఆరవు, గోడమూలలకు బూజు పడుతుంది. నాకు దీనిలో స్వార్థం ఉంది, ఇంటినిండా పుస్తకాలున్నాయి. పరిశోధన రోజులలో తాళపత్ర గ్రంథాలు చూడటానికి వెళ్ళినప్పుడు, తేమగాలి నిలిచిపోయిన బీరువాలో ఆకులు ఒకదానికొకటి అంటుకుపోయిన కట్టలను చూశాను. విప్పబోతే అక్షరాలు ఊడివస్తాయి. తాటిచెట్టు ఆకు ఒకటి కావ్యాన్ని మోసింది, మరొకటి విసనకర్ర అయింది. రెండవది వీచకపోతే మొదటిది నిలవదు. జూలై నుండి అక్టోబరు వరకు నా పుస్తకాల గదిలో రోజుకు రెండు గంటలు బీరువాల తలుపులు తెరిచి ఫ్యాను వేస్తాను. మనుషులు లేనిచోట ఫ్యాను వేయడానికి నేను ఒప్పుకొనే సందర్భం ఇదొక్కటే.

చలికాలంలో మన ప్రాంతపు ఇండ్లలో ఫ్యానుకు మిగిలే ముఖ్యమైన పని దోమలను తరమడం. దోమ బలహీనంగా ఎగురుతుంది. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును బట్టి దారి వెతుక్కుంటుంది. మెల్లగా తిరిగే ఫ్యాను దాని దారినీ చెదరగొడుతుంది, ఎగరనూ ఈయదు. అయినా దోమతెర కట్టుకోవలసిందే. మా అమ్మాయి ఉండే అమెరికా పట్టణంలో మంచు కురిసే రోజులలో కూడా ఫ్యాను వేస్తారంటే మొదట నమ్మలేదు. అక్కడి ఫ్యానులకు దిశను మార్చే మీట ఉంటుంది. వేసవిలో గాలిని కిందికి నెడతాయి. చలికాలంలో వెనుకకు నెమ్మదిగా తిరుగుతూ గాలిని పైకి లాగుతాయి. వేడిగాలి తేలిక గనుక పైకప్పు దగ్గర పేరుకొని ఉంటుంది. అది గోడల వెంబడి కిందికి దిగుతుంది, ఒంటికి మాత్రం గాలి తగలదు. ఇల్లు వెచ్చబరచే యంత్రానికి ఆ మేరకు పని తగ్గుతుంది. మన ఇండ్లలో అటువంటి యంత్రాలే లేవు గనుక ఆ మీటతో మనకు పని లేదు.

మోటారు వైండింగు చేసే ఒకాయన మా పేటలో ముప్ఫై ఏండ్లుగా కొట్టు నడుపుతున్నాడు. ఫ్యాను నెమ్మదించిందని ఎవరైనా తెస్తే ముందుగా రెక్కలను వ్రేలితో రాసి చూస్తాడు. “మాస్టారూ, సగం రోగం ఇక్కడే ఉంటుంది” అంటాడు. రెక్క ముందు అంచున పేరుకొన్న దుమ్ము గాలి కోతను చెడగొడుతుంది. మిగిలిన సగం చాలాసార్లు కెపాసిటరు. చిన్న మొత్తంతో మార్చగలిగిన ఆ డబ్బీ నీరసించినందుకు ఫ్యానునే పారవేసేవారున్నారు. ఎక్కినవాడు ఎలాగూ ఎక్కాడు గనుక కొక్కెం బిగువును కూడా చూడాలని ఆయన నియమం. రెక్కలు నేలనుండి ఏడడుగులకు తగ్గకుండా ఉండాలని, కప్పుకు మరీ దగ్గరగా బిగిస్తే పైనుండి గాలి అందదని కూడా చెబుతాడు.

మా కళాశాలలో డెబ్బైమంది కూర్చునే తరగతి గదికి నాలుగు ఫ్యానులు. వాటి కింద ఉన్న బల్లల కోసం ప్రతి మార్చిలోనూ పోటీయే. గోడవారన కూర్చునేవారు పాఠం కంటె గడియారాన్ని ఎక్కువగా వింటారు. మధ్యాహ్నం పూట వారి ముఖాలు చూస్తూ ప్రబంధనాయిక విరహతాపాన్ని వర్ణించడం నాకే ఇబ్బందిగా ఉంటుంది. నిరుడు ఒక గదిలోని నాలుగింటినీ మార్చి, మరి రెండు గోడల వైపున పెట్టించాము. పాత నాలుగింటికి 300 వాట్లు అయ్యేవి. ఇప్పుడు ఆరింటికి 180. భౌతికశాస్త్రం విద్యార్థులు ఆ గదికి విడిగా ఒక మీటరు అమర్చి ప్రతి శనివారం అంకెలు రాస్తున్నారు. రెక్కలు తుడిచే వంతు మాత్రం మా తెలుగు విద్యార్థులది. పక్కగదివారు తమకెప్పుడని అడుగుతున్నారు. వచ్చే జూన్ లోపల అని ప్రిన్సిపాలుగారు చెప్పారు.